ఇల్లు పోగొట్టుకున్న ముసాఫిర్, ఊళ్లకు నక్షాలు గీశాడు

హిందూపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపే బెంగళూరులో ఉంటాం. మధ్యలో సుమారు వంద కిలోమీటర్లు. పెనుకొండ, ధర్మవరం వాళ్లకు ఇంకొంచెం దూరం, అంతే. మన ఇళ్లలో మేస్త్రీ పనికో, సెంట్రింగుకో, చదువుకో, ఆస్పత్రికో ఆ ఊరికి పోయి రానివాళ్లు అరుదు. అక్కడ పాతవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉంది. దాని ఆవరణలో చెట్ల మధ్య కొన్ని పాత కట్టడాలు కనిపిస్తాయి. గోపురాలు, నగిషీలు ఏమీ ఉండవు. కిటికీల మీద వెడల్పాటి చజ్జాలు, గాలి ఇటు దూరి అటు పోయేలా గదులు, నీడ పరిచే వరండాలు. చూస్తే సాదా కట్టడాలే. వాటిలో కొన్నింటికి నక్షా గీసినాయన సొంత దేశం తరిమేసిన ఒక జర్మన్ యూదుడు. ఆయన్ను పిలిచి పని ఇచ్చినాయన ఒక ముస్లిం దివాను.

ఆ నక్షాలు గీసినాయన పేరు ఒట్టో కోనిగ్స్‌బర్గర్. పిలిచినాయన సర్ మీర్జా ఇస్మాయిల్.

బెర్లిన్ నుంచి కైరోకు

ఒట్టో 1908లో బెర్లిన్‌లో పుట్టారు. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివారు. అప్పట్లో పేరున్న హాన్స్ పోల్జిగ్, బ్రూనో టౌట్ ఆయన ఉస్తాదులు. కూలీనాలీ చేసుకునేవాళ్లకు కూడా గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు దక్కాలని, దానికి ఆర్కిటెక్టు బాధ్యత పడాలని గట్టిగా నమ్మిన కాలం అది. టౌట్ బెర్లిన్‌లో కార్మికుల కోసం పెద్ద పెద్ద కాలనీలే కట్టించారు. ఆ మాట కుర్రవాడైన ఒట్టో మనసులో నాటుకుంది, ఆఖరిదాకా పోలేదు.

1933లో ఆర్కిటెక్టులకు ఎంతో గొప్పదైన షింకెల్ బహుమతి ఆయనకు వచ్చింది. వయసు పాతికేళ్లు. అదే ఏడాది హిట్లర్ గద్దెనెక్కాడు. యూదులను ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేస్తూ చట్టం వచ్చింది. ఒక చేత్తో బహుమతి అందుకున్న కుర్రవాడికి అదే ఏడాది కొలువూ లేదు, దేశంలో చోటూ లేదు.

ఆయన ఈజిప్టుకు పోయారు. కైరోలో లుడ్విగ్ బోర్హార్ట్ అనే జర్మన్ పండితుడి దగ్గర పని దొరికింది. నెఫర్టిటి రాణి శిల్పాన్ని తవ్వి తీసింది ఈ బోర్హార్టే. ఫారోల కాలపు కట్టడాలను కొలిచి, బొమ్మలు గీసి, ఎలా కట్టారో తెలుసుకోవడం ఆ పని. పాత ఈజిప్టు తలుపులను ఏ కొయ్యతో, ఎట్లా చేశారు, ఎట్లా తిరిగేవి అన్న విషయం మీద ఒట్టో తన డాక్టరేటు పుస్తకం రాశారు. తలుపు మీద డాక్టరేటా అని నవ్వుకోవచ్చు. కానీ అక్కడి మందమైన మట్టి గోడలు, చిన్న కిటికీలు, నడిమి హజారం ఆయనకు ఒక పాఠం చెప్పాయి. ఎండ దేశంలో జనం వేల ఏళ్లుగా ఎండతో బతకడం నేర్చుకున్నారు. బయటి నుంచి వచ్చిన ఇంజనీరు ముందు దాన్ని చదువుకోవాలి, ఆ తర్వాతే పెన్సిలు పట్టుకోవాలి.

మేనమామ మాట, దివాను పిలుపు

ఒట్టోకు మేనమామ మాక్స్ బోర్న్. ఫిజిక్సులో ఆ కాలపు మేధావుల్లో ఒకరు, 1954లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయనకూ జర్మనీలో ఉద్యోగం పోయింది. 1935లో సి.వి. రామన్ పిలిస్తే బెంగళూరు వచ్చి కొన్ని నెలలు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. అక్కడే స్థిరపడాలని ఉన్నా కొందరు అడ్డుపడడంతో కుదరలేదు, చివరికి ఎడిన్‌బరో పోయారు. బెంగళూరులో ఉన్నప్పుడు మైసూరు దివానుతో ఆయనకు పరిచయం కలిసింది. మేనల్లుడి సంగతి దివాను చెవిన పడింది ఆ పరిచయంతోనే.

మీర్జా ఇస్మాయిల్ గారి గురించి మన పెద్దలకు చెప్పనక్కర్లేదు. 1926 నుంచి 1941 దాకా మైసూరు దివాను. బృందావన్ గార్డెన్స్ ఆయన చలవే. తర్వాత జైపూర్‌లో, ఆపైన 1946-47లో మన హైదరాబాదులో కూడా ప్రధానిగా పనిచేశారు. ఆయన తాతగారు ఆగా అలీ అస్కర్ ఇరాన్‌లోని షిరాజ్ నుంచి గుర్రాల వ్యాపారం కోసం బెంగళూరు వచ్చి స్థిరపడినవారు. అంటే పరాయి ఊరికి వచ్చినవాడికి చోటిస్తే ఏం జరుగుతుందో మీర్జా గారికి తన ఖాన్‌దానే సాక్ష్యం.

1939లో ఒట్టో మైసూరు సంస్థానానికి ప్రభుత్వ ఆర్కిటెక్టుగా వచ్చారు. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో జర్మన్ పేరున్న మనిషి. జర్మనీ ఆయన పౌరసత్వాన్ని లాగేసుకుంది. పాస్‌పోర్టు లేదు, తిరిగి పోవడానికి ఊరు లేదు. ఆ పరిస్థితుల్లో ఒక సంస్థానం కట్టడాల బాధ్యత చేతికివ్వడం మామూలు విషయం కాదు.

దివానుకూ ఆర్కిటెక్టుకూ అభిరుచులు మాత్రం కలవలేదు. మీర్జా గారికి ఊరు అందంగా, దర్జాగా ఉండాలి. గుమ్మటాలు, కమానులు, తోటలు, దీపాలు ఇష్టం. ఒట్టోకు పైపై అలంకారం గిట్టదు. ఎండ ఎటు నుంచి వస్తుంది, గాలి ఎటు నుంచి వీస్తుంది, వానకు గోడ తడుస్తుందా, ఇవే ఆయన లెక్కలు. ఇద్దరూ కొంత కొంత తగ్గారు. బసవనగుడి దగ్గర కృష్ణారావు పార్కులోని పెవిలియన్ చూస్తే ఆ సర్దుబాటు అర్థమవుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఒట్టోకు స్వేచ్ఛ దొరికింది. విమానాల ఇంజనీరింగ్ విభాగం, గాలి సొరంగం, లోహాల విభాగం, విద్యార్థుల భోజనశాల, ఆడిటోరియం ఆయన చేతి పనే. యుద్ధకాలంలో ఇనుము, సిమెంటు దొరకడమే కష్టం. దొరికిన ఇటుకతో, రాయితో, స్థానిక మేస్త్రీల హునర్‌తోనే పని నడిపించారు.

మీర్జా గారు 1941లో దివానుగిరీ వదిలి వెళ్లిపోయినా ఒట్టో 1948 దాకా మైసూరులోనే ఉన్నారు. ఈ మధ్యలో టాటాలు ఆయన్ను జంషెడ్‌పూర్‌కు పిలిచారు. ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ అడ్డదిడ్డంగా పెరిగిన ఊరికి కొత్త ప్లాను గీశారు. ఊరంటే దొరల బంగళాలు, అధికారుల కార్లే అనుకోలేదు. షిఫ్టుకు నడిచి పోయే కూలీ, సైకిలు మీద పోయే ఫిట్టరు, బడికి పోయే పిల్ల, వీళ్ల దారి నుంచే ప్లాను మొదలుపెట్టారు. 1946లో బొంబాయిలో ముల్క్‌రాజ్ ఆనంద్ మొదలుపెట్టిన మార్గ్ పత్రిక బృందంలోనూ ఆయన ఉన్నారు. కొత్త దేశానికి ఎలాంటి ఊళ్లు కావాలి, ఎలాంటి ఇళ్లు కావాలి అని అందులో వ్యాసాలు రాశారు.

భువనేశ్వర్ నక్షా

స్వాతంత్య్రం వచ్చాక ఒడిశా రాజధానిని కటక్ నుంచి మార్చాలనుకున్నారు. పాత గుళ్ల ఊరు భువనేశ్వర్ పక్కన కొత్త ఊరు కట్టడానికి 1948 ఏప్రిల్‌లో నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ ఊరి మాస్టర్ ప్లాను ఒట్టోదే. చండీగఢ్‌కు లె కార్బూజియే రాకముందే ఇది జరిగింది.

ఆ ప్లానులో ఊరు చిన్న చిన్న మొహల్లాలుగా ఉంటుంది. ప్రతి మొహల్లాకు దాని బడి, దాని బజారు, దాని ఆస్పత్రి, దాని ఆటస్థలం. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి పోవాలి. ఆడవాళ్లు సామానుకు మైళ్ల దూరం పోకూడదు. రోడ్లను ఏడు రకాలుగా విడదీశారు. కాలిబాట నుంచి లారీలు పోయే పెద్ద రోడ్డు దాకా దేని పని దానిదే. ఒక్కటే రోడ్డు మీద లారీ, ఎద్దులబండి, బడిపిల్లలు అందరూ పడిపోతే ఏమవుతుందో హిందూపురం మెయిన్ బజారులో సాయంత్రం పూట నడిచినవాళ్లకు వేరే చెప్పాలా?

ఢిల్లీలో ఎదురుదెబ్బ

దేశ విభజనలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కోటికి పైగా జనం కొంపాగోడూ వదిలి కదిలారు. పుట్టిన గడ్డ ఒక్క రాత్రిలో పరాయిదైపోతే ఎలా ఉంటుందో ఒట్టోకు ఒకరు చెప్పక్కర్లేదు. 1948లో కేంద్ర ప్రభుత్వం ఆయన్ను గృహనిర్మాణ డైరెక్టరుగా ఢిల్లీకి పిలిచింది. ఫరీదాబాద్, నీలోఖేరి, రాజ్‌పురా లాంటి కొత్త ఊళ్లు శరణార్థుల కోసం లేచిన కాలం అది.

లక్షల మందికి ఇళ్లు కావాలి, అదీ తొందరగా. ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోతే ఎప్పటికయ్యేను? ఫ్యాక్టరీలో గోడలే పోత పోసి, లారీలో తెచ్చి నిలబెడితే పోలా అన్న ఆలోచన వచ్చింది. ఢిల్లీలో ప్రభుత్వమే ఫ్యాక్టరీ పెట్టింది. దాని వెనుక ఒట్టో ఉన్నారు. యూరప్‌లో బాంబులకు కూలిన ఊళ్లను అప్పుడు అట్లాగే కడుతున్నారు.

ఇక్కడ అది నడవలేదు. తేలిక కాంక్రీటు పలకలు పగుళ్లిచ్చాయి. అనుకున్న ధరకు, అనుకున్నన్ని ఇళ్లు రాలేదు. పత్రికల్లో, పార్లమెంటులో గొడవైంది. జనానికి నీడ ఇస్తామన్న పథకం పరువు తీసింది. 1951లో ఒట్టో ఇండియా వదిలి లండన్ వెళ్లిపోయారు. బతుకులో అది రెండోసారి సామాను సర్దుకోవడం. మొదటిసారి తరిమారు. ఈసారి ఓటమి భారం మీద వేసుకుని తానే కదిలారు.

ఆయన జీవితంలో మలుపు ఇదే అని చెప్పాలి. చాలామంది ఆర్కిటెక్టులు అట్లాంటి దెబ్బ తర్వాత దేశాన్ని తిట్టుకునేవాళ్లు. ఒట్టో తన ఆలోచననే తిరగేసి చూసుకున్నారు. ఇల్లు ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువు అనుకోవడం దగ్గరే తప్పుందని తేల్చుకున్నారు. పేదవాడి ఇల్లు ఒక్కరోజులో పూర్తి కాదు. ఈ ఏడు గోడ, వచ్చే ఏడు పైకప్పు, కూతురి నిఖా ముందు సున్నం, కొడుక్కి ఉద్యోగమొచ్చాక ఇంకో గది. మన ఇళ్లన్నీ ఇట్లా పెరిగినవే కదా. ప్రభుత్వం చేయాల్సింది మొత్తం ఇల్లు కట్టి తాళంచెవి చేతికివ్వడం ఒక్కటే కాదు. జనం ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, అక్కడ చెయ్యి అందించాలి.

పైకప్పు దగ్గర ఆగిన ఇల్లు

ఈ ఆలోచనకు తొందరలోనే పరీక్ష వచ్చింది. 1950ల నడుమ ఐక్యరాజ్యసమితి ఆయన్ను మరో ఇద్దరు నిపుణులతో కలిపి ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌కు పంపింది. ఇప్పుడు దాన్ని ఘనా అంటున్నాం. అక్కడి పల్లెల్లో జనం మట్టితో గోడలు తామే లేపుకుంటున్నారు. ఊరంతా కలిసి సాయం చేస్తుంది, గోడకు ఖర్చు పెద్దగా లేదు. కానీ పైకప్పుకు రేకులు, కొయ్య, మేకులు బజారులో కొనాలి. డబ్బు లేక గోడలు అట్లాగే నిలబడి, వానకు కరిగి కూలిపోయేవి.

ఈ ముగ్గురూ చెప్పిన సలహా చాలా సాదాగా ఉంది. ఇళ్లు కట్టివ్వొద్దు, గోడలు లేపినవాళ్లకు పైకప్పు మటుకు అప్పివ్వండి. నెమ్మదిగా వాయిదాల్లో కడతారు, ఆ డబ్బు తిరిగి ఇంకొకరికి పోతుంది. పైకప్పు అప్పు పథకంగా దానికి పేరొచ్చింది, తర్వాత చాలా దేశాల్లో ఇళ్ల పథకాలు ఆలోచించేవాళ్లు దాన్ని చదువుకున్నారు.

మన ఊళ్ల అంచున కాలనీల్లోకి వెళ్లి చూడండి. పునాది దగ్గర ఆగిన ఇల్లు, లింటెలు దాకా లేచి ఆగిన ఇల్లు, స్లాబు వేయలేక రేకు కప్పిన ఇల్లు. ఎక్కడ ఆగిందో చూస్తే ఆ కుటుంబం దగ్గర డబ్బు ఎక్కడ అయిపోయిందో తెలుస్తుంది. ఒట్టో చదవమన్నది ఆ గోడనే.

1963లో సింగపూర్ ప్రభుత్వానికి సలహా ఇచ్చిన ఐక్యరాజ్యసమితి బృందంలోనూ ఆయన ఉన్నారు. ఇరవై ఏళ్లకు సరిపడే మహా ప్లాను గీసుకుంటూ కూర్చుంటే ఊరు దానికోసం ఆగదని, జనం రోజూ వస్తూనే ఉంటారని ఆయన వాదన. ముందు చేయాల్సింది ముందు చేస్తూ, ఫలితం చూసుకుంటూ, దిద్దుకుంటూ పోవాలన్నారు.

ఎండ దేశాల ఉస్తాద్

లండన్‌లో ఆయన అసలు పని పాఠాలు చెప్పడం. దాని వెనుక ఒక విద్యార్థి ఫిర్యాదు ఉంది. నైజీరియా నుంచి వచ్చి ఇంగ్లండులో ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక కుర్రవాడు, ఇక్కడ నేర్పేదంతా చలి దేశానికి పనికొచ్చేదే, మా ఊరి ఎండకు, వానకు ఎట్లా కట్టాలో ఎవరూ చెప్పడం లేదని అడిగాడు. ఆ ప్రశ్న నుంచే 1953లో లండన్‌లో ఉష్ణదేశాల ఆర్కిటెక్చర్ మీద సదస్సు జరిగింది. మరుసటి ఏడాది ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్‌లో దానికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. 1957 నుంచి ఆ విభాగాన్ని నడిపింది ఒట్టోనే. 1971లో అది లండన్ యూనివర్సిటీ కాలేజీలోకి మారి డెవలప్‌మెంట్ ప్లానింగ్ యూనిట్ అయింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆసియా నుంచి, ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి షాగిర్దులు వచ్చేవారు. తర్వాత ఢాకాలో ఎన్నో గొప్ప కట్టడాలు కట్టిన మజహరుల్ ఇస్లాం 1950ల్లో ఆ విభాగంలో చదువుకున్నవారే. అప్పుడే స్వాతంత్య్రం తెచ్చుకుంటున్న దేశాలకు బళ్లు, ఆస్పత్రులు, ఇళ్లు కట్టాల్సినవాళ్లు ఆ తరగతుల్లో కూర్చున్నారు.

ఆయన మరో ముగ్గురితో కలిసి రాసిన ఉష్ణదేశాల ఇళ్ల పుస్తకం 1970ల మొదట్లో వచ్చింది. హైదరాబాదులో ఉన్న ఓరియంట్ లాంగ్‌మన్ దాని భారత ముద్రణ వేసింది. మన పిల్లలు ఎవరైనా ఆర్కిటెక్చర్ చదువుతుంటే అడగండి, ఆ పుస్తకం చేతపట్టని సెమిస్టరు ఉండదు. కార్ల్ మహోనీ అనే సహచరుడి పేరుతో ఉన్న పట్టికలూ ఆ విభాగంలోంచి వచ్చినవే. ఊరి ఎండ, చలి, తేమ, వాన లెక్కలు నెలవారీగా అందులో నింపితే గోడ ఎంత మందం ఉండాలి, కిటికీ ఎంత ఉండాలి, ఇల్లు ఎటు తిరగాలి అనేది తేలుతుంది. లెక్కల పండితుడు అవసరం లేదు.

మన మిద్దెలో ఆయన పాఠం

ఆ పుస్తకంలో చెప్పినదంతా మన తాతలకు వేరే మాటల్లో తెలుసు. మన వైపు పాత మట్టిమిద్దె గుర్తు చేసుకోండి. మూరెడు మందం రాతి గోడ, దూలాల మీద బండలో కట్టెలో పరిచి ఆపైన మందంగా మట్టి, వెలుతురుకు ఒక గవాచి. పొద్దంతా కాసిన ఎండ ఆ మందంలో దిగి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది. అప్పటికి మనం మిద్దె మీదో, వాకిట్లోనో మంచం వేసుకుని ఉంటాం. పగటి ఎండ, రాత్రి చల్లదనం మధ్య పెద్ద తేడా ఉన్న పొడి ప్రాంతాలకు ఒట్టో తన తరగతుల్లో నేర్పింది ఇదే సూత్రం. పెనుకొండలో గగన్‌మహల్ గోడల మందం చూసినా, బాబయ్య దర్గా దగ్గర పాత కట్టడాల నీడలో కాసేపు కూర్చున్నా ఆ సంగతి ఒంటికే తెలుస్తుంది.

ఇప్పుడు మనం నాలుగంగుళాల స్లాబు, ఆరంగుళాల సిమెంటు ఇటుక గోడ కడుతున్నాం, లేదా రేకులు వేస్తున్నాం. అవి ఎండను పెద్దగా ఆపవు, తొందరగా లోపలికి దించుతాయి. ధర్మవరంలో రేకుల కింద మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చునే నేతగాడికి ఏప్రిల్, మే నెలల్లో అది ఎంత నరకమో వేరే చెప్పక్కర్లేదు. పాత మిద్దెకు తిరిగి పోలేం. దానికి కొయ్య దొరకదు, ఏటా మట్టి వేసే మనుషులూ లేరు. కానీ ఇల్లు మొదలుపెట్టేముందు మేస్త్రీతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు. ఎదురెదురు గోడల్లో కిటికీలు పెట్టించడం, ప్రతి కిటికీ మీద చజ్జా వేయించడం, పడమటి గోడకు కిటికీలు తగ్గించి అటు ఒక వేపచెట్టు నాటడం, స్లాబు మీద తెల్ల సున్నం కొట్టడం. వీటిలో పెద్ద ఖర్చేమీ లేదు. 

ఒట్టో కోనిగ్స్‌బర్గర్ 1999 జనవరిలో లండన్‌లో కన్నుమూశారు. వయసు తొంభై. బెర్లిన్‌లో పుట్టి, కైరోలో నేర్చుకుని, బెంగళూరులో కట్టి, ఢిల్లీలో దెబ్బతిని, లండన్‌లో పాఠం చెప్పిన జిందగీ. ఆయన కట్టిన భవనాలు లెక్కకు తక్కువే. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, ఆయన పుస్తకం చదివినవాళ్లు కట్టినవాటికి లెక్క లేదు.

1939లో మీర్జా ఇస్మాయిల్ గారు ఆ ముసాఫిర్ మతం చూడలేదు, కాగితాలు చూడలేదు, చేతిలోని హునర్ చూశారు. మన పిల్లలు పని కోసం బెంగళూరుకో, గల్ఫ్‌కో, ఇంకా దూరానికో పోతున్న కాలం ఇది. మన ఊళ్లకూ ఎక్కడెక్కడి నుంచో పనివాళ్లు వస్తున్నారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మరీను. గది అద్దెకు అడగడానికి గుమ్మం ముందు నిలబడిన కొత్త మనిషిని ఊరూ పేరూ అడిగేముందు, నీకు ఏం పని వచ్చు నాయనా అని అడిగితే బాగుంటుంది.